నిద్రకు గెజిటెడ్ సంతకం

దేశం వెనకబడి ఉండటానికి కారణం వానలు కావు, జనాభా కాదు, చివరికి మన పక్కింటివాడు కూడా కాదు. ఉద్యోగులకు నిద్ర చాలకపోవడమే. ఈ మహాసత్యం ప్రపంచానికి 1976 వేసవిలో వెల్లడైంది. వెల్లడైన చోటు విజయవాడలో బెంజ్ సర్కిల్ అవతల ఒక అద్దె మేడ. అందులో మురుగుకాలువల పరిశీలనా డివిజను అనే ఆఫీసు ఉండేది. అప్పటిదాకా ఆ మేడలో వెల్లడైన సత్యాలు రెండే. వానాకాలంలో కప్పు కారుతుంది, మిగతా కాలంలో కుళాయి కారదు. (రెండింటి మీదా పైకి రాశారు. జవాబు రావలసి ఉంది.)

సత్యాన్ని కనిపెట్టినవారు డివిజనల్ ఆఫీసరు రామకోటేశ్వరరావుగారు. పాలనా సామర్థ్యం పెంచుకోవడం ఎలా అనే విషయం మీద హైదరాబాదులో శిక్షణ ఇస్తే వెళ్లారు. భోజనాల తరవాత ఎవరో పెద్దమనిషి మైకు ముందు నిలబడి, "బాగా నిద్రపోయేవాడే ఉద్యోగంలో రాణిస్తాడు" అని మొదలుపెట్టారట. రామకోటేశ్వరరావుగారు క్రమశిక్షణ గల అధికారి. ఆ మాటను అక్కడికక్కడే అమలు చేశారు. ఆయనకు మెలకువ వచ్చేసరికి సభ ముగిసి కుర్చీలు మడుస్తున్నారు. అందువల్ల ఆ ఉపన్యాసంలో మిగతాది ఏమిటో మా జిల్లాకు ఈనాటికీ తెలియదు.

అవి ఎమర్జెన్సీ రోజులు. ప్రతి ఆఫీసూ ఏదో ఒకటి పెంచి చూపించాలి. కొందరు పంటలు పెంచారు, కొందరు ఆపరేషన్లు పెంచారు. మురుగుకాలువల్లో పెంచడానికి ఏముంటుంది? గుర్రపుడెక్క ఒకటుంది గానీ అది ఎవరి ప్రమేయమూ లేకుండా తనంతట తానే పెరుగుతుంది, దాని ఘనత ఆఫీసరు ఖాతాలో వేయడానికి కుదరదు. కాబట్టి మా రామకోటేశ్వరరావుగారు నిద్రను పెంచదలిచారు. సర్క్యులర్ వచ్చింది: "ప్రతి ఉద్యోగియు రాత్రి ఎనిమిది గంటలు స్వగృహమునందు సంతృప్తికరముగా నిద్రపోవలెను. నిద్రపోని వారు రాణించనివారుగా భావింపబడుదురు. రాణించనివారికి ప్రమోషను ఉండదు."

ఆఫీసులో ఈ విషయంలో అనుభవజ్ఞుడు ఒకే ఒక్కడు, జూనియర్ అసిస్టెంటు వెంకటప్పయ్యగారు. ఫ్యాను సరిగ్గా నెత్తిమీద తిరిగే సీటును ఆయన చాలా ఏళ్లుగా కాపాడుకుంటూ వస్తున్నారు. ఆయన లేచి వినయంగా అడిగారు.

"మధ్యాహ్నంపూట ఇక్కడ పోయేది కూడా అందులో కలుపుకోవచ్చాండీ?"

ఆఫీసరుగారు ఒక పూటంతా ఆలోచించి తీర్పు చెప్పారు. "కుదరదు వెంకటప్పయ్యా. ఆఫీసులో పోయేది ముందునుంచీ ఉన్నదే. పాత పనిని కొత్త స్కీములో చూపిస్తే ఆడిటువాళ్లు ఊరుకోరు."

ఆడిటువారు అన్న మాట నోట్లోంచి వచ్చిందో లేదో, వారు వచ్చారు. అప్పటికి ఉద్యోగులంతా "నేను నిన్న రాత్రి నిద్రపోయాను" అని రోజూ రాసి ఇస్తున్నారు. ఆడిటువారు దాన్ని చూసి పెదవి విరిచారు. నిద్రపోతున్నవాడికి తాను నిద్రపోతున్నట్టు తెలియదు. తెలిస్తే వాడు నిద్రపోవడం లేదు. కాబట్టి ఈ ప్రకటన ఎంత నిజమైతే అంత అబద్ధం. ప్రత్యక్షసాక్షి కావాలన్నారు.

సాక్షిగా భార్యను పెట్టారు. (పెళ్లికానివారికి తల్లి. లాడ్జీలో ఉండేవారికి లాడ్జీ మేనేజరు. ఈ మేనేజర్లు తరవాత సమ్మె చేశారు.) సాక్షి కునుకు తీస్తే ఆ మేరకు ఉద్యోగి నిద్రలో కోత పడుతుందని రూలు. ఆ రోజుల్లో బెజవాడలో కిరసనాయిలు క్యూలు పొడుగ్గా ఉండేవి. వెంకటప్పయ్యగారి భార్య వెంకటరత్నమ్మగారు డబ్బా చేత్తో పట్టుకుని ఆ క్యూలో నిలబడే నిద్రపోయేవారు. క్యూ కదిలినప్పుడల్లా వెనకవాళ్లు ఆమెను మెల్లిగా ముందుకు జరిపేవారు. తగువులకు పేరు పడ్డ ఆ క్యూలో అంతటి మర్యాద నేను అంతకు ముందుగానీ తరవాతగానీ చూడలేదు.

కానీ భార్య మాట గవర్నమెంటు నమ్మడం ఎట్లా? కట్టుకున్నవాడే నమ్మడు. అందుకని భార్య ఇచ్చిన సాక్ష్యపు కాగితం మీద నెలకోసారి గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరాతో సంతకం చేయాలన్నారు. పెద్ద అధికారుల గుమ్మం తొక్కడం కష్టం, కాలేజీ ప్రిన్సిపాళ్లు కసురుకుంటారు. మన ప్రాంతంలో గెజిటెడ్ సంతకం కావలసినవాళ్లంతా చివరికి వెళ్లేది పశువుల డాక్టరు దగ్గరికే. ఆయన కసురుకోడు. రోజూ ఆయన ముందుకు వచ్చే ప్రాణులు ఎదురు మాట్లాడవు కాబట్టి ఆయనకు కోపం అలవాటు కాలేదు.

ఊరి చివర పశువుల ఆసుపత్రి డాక్టరు శౌరయ్యగారు మంచివారు. ఆయనతో వచ్చిన చిక్కల్లా నిజాయితీ. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నకలు. అసలు చూడకుండా నేను సంతకం పెట్టనండీ. అసలేదీ?" అన్నారు.

"అసలంటే నిద్రేనండీ" అన్నారు వెంకటప్పయ్యగారు.

"అయితే ఆ షెడ్డులో పడుకోండి. చూసి పెడతాను."

వెంకటప్పయ్యగారు గడ్డి మీద కండువా పరుచుకుని, డాక్టరుగారు కలం మూత తీసేలోపల నిద్రపోయారు. మర్నాటినుంచి డివిజను యావత్తూ ఆఫీసు టైములో అక్కడికి తరలివెళ్లింది. గేదెల్ని తోలుకొచ్చిన రైతులు ఒకపక్క, గుమాస్తాలు ఒకపక్క. హనుమాన్ జంక్షన్ నుంచి ఎద్దును తీసుకొచ్చిన పుల్లయ్య అనే రైతు వరసగా పడుకున్న తెల్లచొక్కాల్ని చూసి బెదిరిపోయాడు.

"ఈళ్లందరికీ ఏవొచ్చిందండీ డాట్రుగారూ?"

"ప్రమోషనండీ."

"అంటుకుద్దాండీ?"

"ఆఫీసుల్లో అంటుకుంటుంది. మీ ఎద్దుకి భయం లేదు."

పుల్లయ్య ఎందుకైనా మంచిదని ఎద్దును కాస్త దూరంగా కట్టేశాడు. నిద్ర నిర్ధారణకు వేరే నమూనా లేదు కాబట్టి డాక్టరుగారు తన దగ్గరున్న పశు ఆరోగ్య పత్రాల మీదే రాసి ఇచ్చేవారు. వెంకటప్పయ్యగారి పత్రం నేను కళ్లారా చూశాను. రంగు: చామనచాయ. కొమ్ములు: లేవు. పాడి: ప్రస్తుతం లేదు. స్వభావం: సాధువు. ఆయన దాన్ని ఫ్రేము కట్టించుకున్నారు.

ఇంతవరకూ అందరికీ బాగానే ఉంది. బాగా లేనిది సంజీవరావుగారికి. ఆయన మా పక్క వాటాలో అద్దెకుండేవారు. ఆయనంటే నాకు ఇష్టం. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను పక్షపాతి అనవద్దు. డివిజనులోని జూనియర్ అసిస్టెంట్లలో అందరికంటే సీనియరు. ఆయన భార్య సువార్తమ్మగారు మిషను బళ్లో ఒకటో క్లాసు టీచరు. పెళ్లయిన చాలా ఏళ్లకు, ఇక లేదనుకున్నాక, వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. నాయనమ్మ పేరే పెట్టుకున్నారు, అమలమ్మ అని. ఆ పిల్లకు ఒక్కటే పట్టుదల. భుజం మీద ఉంటే నిద్రపోతుంది, పక్క మీద దించితే వీధి లేస్తుంది. సంజీవరావుగారు రాత్రంతా పిల్లను భుజాన వేసుకుని వసారాలో అటూ ఇటూ తిరుగుతుండేవారు. పగలు కళ్లు నిప్పుల్లా ఉండేవి. మొహం మాత్రం వెలిగిపోతుండేది. అంత సంతోషంగా నిద్ర చెడగొట్టుకున్న మనిషిని నేను చూడలేదు.

సరిగ్గా అప్పుడే ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంటు పోస్టు ఖాళీ అయింది. ఒకటే పోస్టు. వస్తే సంజీవరావుగారికి రావాలి, ఆయన కాకపోతే వెంకటప్పయ్యగారికి. పోస్టు వచ్చినవాడు విజయవాడలోనే ఉంటాడు, రానివాడు నాగాయలంక సెక్షనుకు పోవాలి. నాగాయలంక అంటే కృష్ణ సముద్రంలో కలిసే వైపు. అక్కణ్ణించి రోజూ ఇంటికి వచ్చిపోవడం కుదిరే పని కాదు. సువార్తమ్మగారి బడి ఇక్కడ, పిల్ల ఇక్కడ, పిల్లకు కావలసిన భుజం అక్కడ.

అంచేత సంజీవరావుగారు కూడా, ఆకుపచ్చ సంతకముంటే భార్య సంతకం ఎవరడుగుతారని, పశువుల ఆసుపత్రికి వెళ్లారు. అసలే నిద్రకు మొహం వాచి ఉన్నారు, పడుకున్న మరుక్షణం పట్టేస్తుందని అందరం అనుకున్నాం. గడ్డి మీద పడుకుని కళ్లు మూసుకున్నారు. డాక్టరుగారు స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నారు. కాసేపటికి తల అడ్డంగా ఊపారు.

"మీరు నటిస్తున్నారు సంజీవరావుగారూ. రెప్పల కింద గుడ్లు కదులుతున్నాయి. సంతలో అమ్మకానికి తెచ్చిన గేదె ఇంతకన్నా బాగా నటిస్తుందండీ."

"నిద్ర లేకే చస్తున్నానండీ డాక్టరుగారూ. కానీ ఇక్కడ కళ్లు మూస్తే నాగాయలంక కనపడతంది."

"నాకు జాలిగానే ఉంది. కానీ చూడంది చూశానని రాయలేనండీ. ఒకసారి రాశానంటే, రేపు చచ్చిన గేదె బతికుందని రాయమంటారు."

రోజూ వెళ్లారు. రోజూ గడ్డి దులుపుకుని తిరిగొచ్చారు. నిద్రపట్టకపోతే బతుకు పోతుందని తెలిసినవాడికి నిద్ర ఎట్లా పడుతుందో సర్క్యులరులో రాయలేదు.

అంతలో ఆదివారం వచ్చింది. చర్చిలో పాస్టరుగారు మెలకువగా ఉండవలసిన అవసరం గురించి ప్రసంగిస్తున్నారు. ప్రసంగం సగంలో ఉండగా సంజీవరావుగారికి నిద్ర పట్టింది. మామూలు నిద్ర కాదు, చాలా నెలల బాకీ తీరే నిద్ర. గురక హార్మోనియాన్ని మించింది. సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. పాస్టరుగారు అంతా అర్థం చేసుకుని, ప్రసంగాన్ని కాస్త పొడిగించారు కూడా. సువార్తమ్మగారి కళ్లు చెమర్చాయి. ఊరంత సాక్ష్యం దొరికింది గదా అని ఆమె సంబరం.

పాస్టరుగారు సంతోషంగా రాసిస్తానన్నారు గానీ, ఆయన గెజిటెడ్ కారు. (దేవుడి తరఫున మాట్లాడేవారికి ప్రభుత్వం ఇంకా ఆకుపచ్చ సిరా మంజూరు చేయలేదు.) గెజిటెడ్ హోదా ఉన్నవారు సంఘంలో ఒక్కరే, ట్రెజరీ అధికారి ఇశ్రాయేలుగారు. అదృష్టం ఏమిటంటే ఆయన ఆ రోజు కూర్చున్నది సంజీవరావుగారి పక్కనే. సాయంత్రం సంజీవరావుగారూ నేనూ ఆయన ఇంటికి వెళ్లాం. ఇశ్రాయేలుగారు కాగితం అందుకుని, చదివి, కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"నాకు చాలా బాధగా ఉంది సంజీవరావ్. పక్కనే ఉన్నాను, నిజమే. కానీ ఆ టైములో నేనూ నిద్రలోనే ఉన్నా. నువ్వు పోయావో లేదో నేనెట్టా చెప్పను?"

"నా గురకన్నా వినపళ్లేదాండీ?"

"వినపడింది. నాదనుకున్నా."

తిరిగొచ్చేటప్పుడు, ఇల్లు దగ్గరపడ్డాక సంజీవరావుగారు, "మా అమలమ్మకి నా మొహం గుర్తుంటదంటారా?" అని అడిగారు. నేను ఏదో అన్నాను. ఏమన్నానో నాకే నచ్చలేదు.

పోస్టు భర్తీకి ముందు విచారణ పెట్టారు. సాక్షిని వెంటబెట్టుకుని రావాలన్నారు. సువార్తమ్మగారు బడికి సెలవు పెట్టి పిల్లనెత్తుకుని వచ్చారు. గొడుగూ పాలసీసా మోయడానికి నేనూ వెళ్లాను. రామకోటేశ్వరరావుగారు చక్కగా నిద్రపోయి వచ్చారు, మొహం కడిగిన ముత్యంలా ఉంది. దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆయన దయగల మనిషి, అదే వచ్చిన చిక్కు.

"చూడమ్మా, మీరు ఇన్ని నెల్లుగా సాక్షి సంతకం ఎందుకు పెట్టలేదు?" అని అడిగారు.

"చూళ్లేదండీ. నేను నిద్రపోతున్నాను."

ఆఫీసరుగారు పెన్ను కింద పెట్టారు. "ఆయన నిద్రపోతుంటే మీరూ నిద్రపోయారా?"

"ఆయన పోలేదండీ. నేను పోవాలని ఆయన మేలుకున్నారు. పొద్దున్నే నాకు బడి. గదినిండా పసిపిల్లలండీ, కునికితే కుదరదు. అందుకని రాత్రిళ్లు దీన్ని ఆయనే తిప్పుతారు."

గదిలో గుసగుస మొదలైంది. భార్య నిద్రకు భర్త కాపలా కాయడమన్నది ఆ డివిజను చరిత్రలో లేదు. వెంకటప్పయ్యగారు సిగ్గుతో తల పక్కకు తిప్పుకున్నారు. ఆఫీసరుగారు అసిస్టెంట్ల వైపు చూసి, "దీనికి రూలేమన్నా ఉందా?" అన్నారు. లేదన్నారు. అయితే ఇది రూలుకు వ్యతిరేకమన్నమాట అన్నారు ఆయన.

సువార్తమ్మగారు పిల్లను సర్దుకుని, "నేనొక మాట అడగొచ్చాండీ సార్? మీకు సాక్షి ఎవరండీ?" అన్నారు.

"మా ఆవిడ, రాజ్యలక్ష్మి" అన్నారు ఆయన గర్వంగా. "ఒక్క రాత్రి తప్పలేదు. ఒక్క నిమిషం కోత పళ్లేదు."

"మరి ఆవిడెప్పుడు పడుకుంటారండీ?"

రామకోటేశ్వరరావుగారు నోరు తెరిచారు. ఫ్యాను వంక చూశారు, కిటికీ వంక చూశారు. నిజంగానే ఆయనకు తెలియదు. అంతకు ముందెప్పుడూ ఆ ప్రశ్న ఆయన ఇంట్లో పుట్టినట్టు లేదు. నాకు ఒళ్లు మండింది గానీ, ఆయన మొహం చూస్తే కోపం నిలవలేదు. తప్పిపోయిన పిల్లవాడిలా ఉన్నారు. చివరికి గొంతు సవరించుకుని అన్నారు.

"ఆ గడి మన నమూనాలో లేదమ్మా."

ఈ జవాబు నచ్చక కాబోలు, అమలమ్మ ఏడుపు లంకించుకుంది. బల్లమీద కాగితాలు కూడా అదిరాయి. సంజీవరావుగారు అలవాటుగా లేచి, పిల్లను అందుకుని భుజాన వేసుకుని, ఆఫీసరుగారి కుర్చీ వెనకనుంచి తలుపుదాకా, తలుపునుంచి కుర్చీదాకా తిరిగారు. పిల్ల సద్దుమణిగింది. మెడ వాల్చి, నోరు కొంచెం తెరిచి నిద్రపోయింది. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. ఆఫీసరుగారు కళ్లజోడు సర్దుకుని, దగ్గరికి వచ్చి, వంగి పరీక్షగా చూశారు.

"ఎంత బాగా పోతోందయ్యా" అన్నారు మెచ్చుకోలుగా. "రాణిస్తుంది."

ఆయన తీర్పు రావడానికి అట్టే రోజులు పట్టలేదు. అందులో ఒక్క మాట కూడా కఠినంగా లేదు. "శ్రీ సంజీవరావు నిద్రలేమికి కారణము ఒక శిశువు అని విచారణలో తేలినది. శిశువును బదిలీ చేయు అధికారము ఈ కార్యాలయమునకు లేదు. కావున ఉద్యోగి ఆరోగ్యమును దృష్టిలో ఉంచుకొని, శిశువులు లేనట్టియు, సముద్రపు గాలి వీచునట్టియు నాగాయలంక సెక్షనునకు ఆయనను బదిలీ చేయడమైనది."

సీనియర్ అసిస్టెంటు పోస్టు వెంకటప్పయ్యగారికి వచ్చింది. కొత్త సీటు మీద ఫ్యాను లేదని పాత సీటులోనే కూర్చుని రాణించారు. సంజీవరావుగారు ట్రంకుపెట్టె పట్టుకుని బస్సెక్కారు. పిల్ల నిద్రలో ఉండగా బయలుదేరితే మంచిదని నేను సలహా ఇచ్చాను. నిద్రలో ఉన్నది ఆయన భుజం మీదే కాబట్టి అది కుదరలేదు.

ఆ తరవాత ఒక ఆదివారం వచ్చినప్పుడు ఎట్లా ఉన్నారని అడిగాను. "గాలి బాగుంటదండీ. చప్పుడుండదు. పడుకుంటే భుజం తేలిగ్గా ఉండి మెలకువొచ్చేస్తంది. తలగడ భుజానేసుకుని తిరుగుతున్నా. అక్కడ ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు నాకు గాలి సోకిందనుకుంటున్నారు" అన్నారు. నవ్వుదామనుకుని నవ్వలేకపోయారు.

తనను విజయవాడకు మార్చమని అర్జీ పెట్టుకున్నారు. రామకోటేశ్వరరావుగారు దాన్ని సానుభూతితో పరిశీలించారు. ఎవరైనా బదిలీకి అర్హులు కావాలంటే బాగా నిద్రపోయినట్టు రుజువు చేయాలి. బాగా నిద్రపోయినట్టు రుజువైతే అక్కడి వాతావరణం పడిందన్నమాట, ఇక బదిలీ దేనికి? ఈ సంగతే మర్యాదగా రాసి పంపించారు. చివర ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమని సొంత దస్తూరీతో ఒక వాక్యం చేర్చారు.

ఇక్కడ మా పక్క వాటాలో వసారా దీపం ఎప్పటిలాగే వెలుగుతూనే ఉండేది. పిల్లను భుజాన వేసుకుని సువార్తమ్మగారు తిరుగుతుండేవారు, తెల్లారి బడికి వెళ్లేవారు. ఆమె ఎప్పుడు నిద్రపోయేవారో ఎవరికీ తెలియదు. ఆమెకు రావలసిన ప్రమోషనేదీ లేదు కాబట్టి, విచారించవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.